తర్వాతి బంతి పడేలోగా

తోళ్ళ ఫ్యాక్టరీ వెనకాల తొట్టి ఉంది. పచ్చితోళ్ళు నానబెట్టిన నీళ్ళు, సున్నం, వెంట్రుకలు, కొవ్వు, ఎందుకూ పనికిరానిదంతా కాలవలో జారి అందులో పడుతుంది. ఏడాది తిరిగేసరికి అడుగున బురద పెచ్చు కట్టి తూము మూసుకుపోతుంది. అప్పుడు ఎవడో ఒకడు ఇనప నిచ్చెన మీద కిందికి దిగి, గడ్డపారతో ఆ పెచ్చు పగలగొట్టాలి. పగిలినప్పుడు లేచే గాలి గురించి ఫ్యాక్టరీలో చిన్నా పెద్దా అందరికీ తెలిసిన ముక్క ఒకటుంది. కుళ్ళిన కోడిగుడ్డు కంపు కొడుతున్నంతసేపూ నువ్వు బతికున్నట్టు. కంపు ఉన్నట్టుండి ఆగిపోయిందంటే గాలి మంచిదైందని కాదు, నీ ముక్కు చచ్చిందని. ముక్కు తర్వాత మనిషి.

మరి ముందు దిగేదెవరు? పెచ్చు పగలగొట్టేవాడు ముందు దిగినవాడే. వెనక వచ్చేవాళ్ళకి బురద ఎత్తిపోసే పని తప్ప ప్రాణం మీదికి రాదు. ఆ ముందు దిగేవాణ్ణి ఏరడానికి ఆ ఫ్యాక్టరీలో ఒక ఆచారం ఉంది. బేస్‌బాల్.

నవ్వొస్తే నవ్వండి, కానీ నిజం. పాత యజమాని ఎక్కడో చూసొచ్చి నేర్పిన ఆట అది. ఆయన పోయాడు, ఆట మిగిలింది. తొట్టి కడిగే ముందురోజు నానబెట్టే సెక్షన్‌కీ రంగుల సెక్షన్‌కీ మ్యాచ్ జరుగుతుంది. ఓడిన సెక్షను తొట్టి కడగాలి. ఓడిన జట్టులో చివరి ఔటు ఎవడిదో వాడు ముందు దిగాలి. ఈ రూలు ఏ నోటీసు బోర్డు మీదా లేదు. మేనేజర్ని అడిగితే, "అది మీలో మీరు పెట్టుకున్నదేగా" అంటాడు. మన వేలితో మన కన్నే పొడిపించి, వేలు నీదేగా అనడం పెద్దవాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య.

నానబెట్టే సెక్షన్ మేస్త్రి ఆ జట్టు కెప్టెన్. మాట కరుకు, మనసు మాత్రం ఇంట్లోవాళ్ళ దగ్గర మెత్తన. అతనికి ఒక్కగానొక్క అక్క, ప్యాకింగ్‌లో పనిచేస్తుంది. అక్క మొగుడు, అంటే బావ, మేస్త్రి సెక్షన్‌లోనే సున్నం డ్రమ్ము దగ్గర ఉంటాడు. సున్నం దుమ్ము పీల్చి పీల్చి బావ ఊపిరితిత్తులు జల్లెడైపోయాయి. నాలుగు మెట్లెక్కితే గోడ పట్టుకుంటాడు.

మ్యాచ్ ముందురోజు సాయంత్రం అక్క తమ్ముణ్ణి వంటింట్లోకి పిలిచింది. గిన్నెలు తోముతూనే, తలెత్తకుండా మాట్లాడింది.

"మీ బావని ఆటలోంచి తీసెయ్."

"తీస్తే జట్టులో ఎనిమిదిమందే మిగులుతారక్కా, తొమ్మిదిమంది ఉండాలి. ఆడకుండానే ఓడినట్టు రాసేస్తారు. ఎవరు ముందు దిగాలో అప్పుడు మేనేజరే చెప్తాడు. ఆయన నోట్లో ఎవరి పేరుందో నాకు తెలుసు. దగ్గేవాణ్ణి వదిలించుకోవాలని ఎప్పట్నుంచో చూస్తున్నాడు."

"అయితే చివర్లో పెట్టు."

"చివర్లో పెడితే చివరి ఔటు ఇంకా దగ్గరౌతుంది."

"నాకు మీ ఆటలు తెలీవురా. నిచ్చెన మీద మొదటి కాలు ఆయనది కాకూడదు. ఎట్లా చేస్తావో చెయ్."

ముందు గదిలోంచి బావ గొంతు వినిపించింది. "అక్కాతమ్ముళ్ళు కలిసి నన్ను ఆటలో అరటిపండు చేస్తున్నారా?"

"నువ్వు అరటిపండువైతే బాగుండును బావా. కనీసం దగ్గు వచ్చేది కాదు" అన్నాడు మేస్త్రి.

బావ నవ్వబోయాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. ఎంతకీ ఆగలేదు. అక్క చేతిలో గిన్నె అట్లాగే ఉండిపోయింది. తోమడం ఆపి, ఆ దగ్గు ఆగేదాకా గోడవైపు చూసింది. ఆమె ఇంకేమీ అడగలేదు. అడిగినా బాగుండేది.

మర్నాడు పొద్దున గోడౌను వెనక ఖాళీస్థలంలో రెండు సెక్షన్లూ చేరాయి. మబ్బు పట్టి ఉంది. గాలి తొట్టివైపు నుంచే వీస్తోంది. జనం ముక్కులకి గుడ్డలు కట్టుకోలేదు. ఆ కంపుకి అందరూ అలవాటుపడ్డవాళ్ళే. కొడుతోంది కాబట్టి ఫర్వాలేదనుకునేవాళ్ళే.

అంపైరు సేఫ్టీ సారు. ఫ్యాక్టరీలో మనుషుల ప్రాణాలు చూసుకోవడానికి జీతం తీసుకునే ఆఫీసరు ఆయనే. నడుముకి పసుప్పచ్చ పెట్టె ఒకటి వేలాడుతుంటుంది. గాలిలో విషం ఎంతుందో చెప్పే మిషను అంటారు. అది కూతపెట్టగా విన్నవాడు లేడు. తెరవగా చూసినవాడూ లేడు. ఆయన చెడ్డవాడా అంటే అదీ కాదు. ఎవర్నీ కసరడు. అడిగినదానికి జవాబు చెప్తాడు, అడగనిది చెప్పడు. అంతే.

ఏటా చదివినట్టే ఆట మొదలుకాకముందు రూల్స్ చదివాడు. గొంతులో ఎత్తూ పల్లం లేదు.

"బ్యాటింగ్ వరస ఇద్దరు కెప్టెన్లూ ఇచ్చారు. ఆ వరసలోనే ఆడాలి. ఎవరైనా వరస తప్పి బ్యాట్ పడితే నేను చెప్పను. చూసినా చెప్పను. అది ఎదుటి జట్టు కనిపెట్టాలి. ఆడేవాడి ఆట మధ్యలో ఉండగానే తెలిస్తే అసలువాడు వచ్చి మిగతాది ఆడుకోవచ్చు, ఎవరికీ నష్టం లేదు. వాడి ఆట అయిపోయాక, తర్వాతి బంతి పడేలోగా ఎదుటివాళ్ళు అడిగితే తప్పు తప్పే. బంతి పడిపోయిందా, తప్పు ఒప్పైపోతుంది. అలా అడిగినప్పుడు..."

అక్కడ ఎవడో వెనకనుంచి "సారూ, పెళ్ళిమంత్రాలు తొందరగా కానియ్యండి, పీటల మీద పెళ్ళికొడుకు ముసలాడైపోతున్నాడు" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. మేస్త్రి కూడా నవ్వాడు. ఆ నవ్వులో చివరి ముక్క కొట్టుకుపోయింది. సారు దాన్ని మళ్ళీ చదవలేదు. ఎవరూ అడగలేదు కదా.

ఎదుటి జట్టు కెప్టెన్ ఒక్కడే నవ్వలేదు. రంగుల సెక్షన్లో రంగు కలిపేవాడు, అందరూ పిల్లికళ్ళోడంటారు. చేతులు మోచేతులదాకా ఎర్రగా ఉంటాయి, ఎంత కడిగినా పోదు. కిందటేడు ఓడింది వాళ్ళు. చివరి ఔటు అతని సొంత అన్నయ్యది. అన్న నిచ్చెన దిగాడు, తాడు మీద పైకొచ్చాడు. గుండాగిందని కంపెనీ రాసింది. గుండె ఆగకుండా చచ్చేవాడెవడో ఆ రాసినవాడే చెప్పాలి.

ఆట పొద్దెక్కేదాకా నడిచింది. చివరి ఇన్నింగ్స్‌లో చివరిగా బ్యాటింగ్ మేస్త్రి జట్టుది. ఒక్క పరుగు వెనకబడి ఉన్నారు. ఇద్దరు ఔటయ్యారు, ఒకడు రెండో బేసు మీద నిలబడి ఉన్నాడు. ఇంకొక్క ఔటు పడితే ఆట ఖతం.

వరసలో తర్వాతివాడు బావ.

బావ లేచి బ్యాట్ కోసం చెయ్యి చాచాడు. మేస్త్రి ఇవ్వలేదు. బావ వెనక ఆడాల్సింది పొడుగోడు. ఒంటిచేత్తో తడితోళ్ళ మోపు ఎత్తే మనిషి, పెళ్ళాం పిల్లల్లేరు, ఊపిరి బిగబట్టి చెరువు అడుగు ముట్టుకొచ్చే రకం. మేస్త్రి నిన్న రాత్రంతా కళ్ళు మూసుకోకుండా ఆలోచించింది ఈ సంగతే. పొడుగోణ్ణి ముందు పంపాలి. ఎవరూ కనిపెట్టకపోతే గండం గడిచినట్టు. కనిపెట్టినా ఔటయ్యేది వరస తప్పి ఆడినవాడు, అంటే పొడుగోడు. వాడు దిగినా బతికి పైకొస్తాడు. పొద్దున్నే వాడి చెవిన వేశాడు. వాడు భుజం ఎగరేసి, "దొరికితే నేనే కదా దిగేది, దిగుతాలే. మీ అక్క చేతి కూడు తిన్నాను, ఆ మాత్రం చెయ్యనా" అన్నాడు.

"నా వంతు కదరా" అన్నాడు బావ.

"కూర్చో బావా."

"ఒరేయ్, నా వంతంటుంటే."

"నీ వంతు నాకు తెలుసు. నీ దగ్గూ తెలుసు. నోరు మూసుకుని కూర్చో, అక్క చూస్తోంది."

అక్క గోడౌను గోడ నీడలో నిలబడి ఉంది. బావ ఆమెని చూశాడు. మెల్లగా బల్ల మీద కూలబడ్డాడు.

పొడుగోడు వెళ్ళి నిలబడ్డాడు. మొదటి బంతికి గాలిని కొట్టాడు. రెండోదీ అంతే. మూడోదీ తప్పితే ఔటు. సేఫ్టీ సారు జేబులోంచి వరస రాసిన అట్ట తీసి చూశాడు. పొడుగోణ్ణి చూశాడు. తలతిప్పి బల్ల మీదున్న బావని చూశాడు. తర్వాత మేస్త్రి కళ్ళల్లోకి చూశాడు. అట్ట జేబులో పెట్టేసుకున్నాడు.

ఈయన చూశాడు. చూసి ఊరుకున్నాడు. ఊరుకోవడమే తన పనిలాగా ఊరుకున్నాడు. రూలు ప్రకారం అప్పటికైనా బావని పంపొచ్చు. కానీ ఆ రెండు తప్పులూ బావ లెక్కలోకే వస్తాయి, ఇంకొక్కటి తప్పితే చాలు, బావ ఔటు. మేస్త్రి కదల్లేదు.

మూడో బంతిని పొడుగోడు ఉతికి పారేశాడు. అది రంగు డబ్బాల గుట్ట మీదుగా వెళ్ళి రేకుల కప్పు మీద దబ్బుమంది. రెండో బేసు మీదున్నవాడు పరిగెత్తుకుంటూ వచ్చి పరుగు తీశాడు. పొడుగోడు రెండో బేసు మీద నిలబడి తొడ చరిచాడు. పరుగులు సమానం. నానబెట్టే సెక్షన్ వాళ్ళు టోపీలు ఎగరేశారు. అక్క రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇప్పుడు పొడుగోడి తర్వాతివాడు ఆడాలి. వరసలో అది మేస్త్రి వంతే. బ్యాట్ పట్టుకుని వెళ్ళి నిలబడ్డాడు. అతనికి ఆ బంతిని కొట్టాలని లేదు. పడితే చాలు. బంతి వేసేవాడి చేతిలోంచి అది జారితే చాలు, ఎటు పోయినా సరే, తప్పు ఒప్పైపోతుంది, బావ ఇంటికి పోతాడు. మేస్త్రి జన్మలో ఏ దేవుణ్ణీ ఇంతగా వేడుకోలేదు. వెయ్యరా. వెయ్యరా తండ్రీ.

బంతి వేసేవాడు నేల మీద మట్టి తీసి చేతులకి రాసుకున్నాడు. భుజం తిప్పాడు. కాలు ఎత్తబోయాడు.

"ఆగు" అన్నాడు పిల్లికళ్ళోడు.

అరవలేదు. మామూలుగానే అన్నాడు. ఎర్రటి చెయ్యి ఒకటి పైకెత్తి సారు దగ్గరికి నడిచాడు. "సారూ, ఇందాక ఆడింది ఎవరు? ఆడాల్సింది ఎవరు?"

సారు అట్ట మళ్ళీ తీశాడు. చూడాల్సిన పని లేకపోయినా చూశాడు. "వరస తప్పింది. అడిగారు కాబట్టి చెప్తున్నాను. ఆ దెబ్బ చెల్లదు. పరుగు చెల్లదు. ఔటు."

"సరే సార్" అన్నాడు మేస్త్రి. కాళ్ళ కింద నేల ఇంకా ఉంది. "పొడుగోడు ఔటు. వాడే దిగుతాడు. ఒప్పుకున్నాం."

"అతను కాదు" అన్నాడు సారు. "పొద్దున చదివాను. ఔటయ్యేది వరస తప్పి ఆడినవాడు కాదు. ఆడాల్సి ఉండి ఆడనివాడు." చెయ్యి చాపి బల్లవైపు చూపించాడు. "ఆయన ఔటు. మూడో ఔటు. ఆట అయిపోయింది."

బావ బల్ల మీద కూర్చునే ఉన్నాడు. చేతిలో బ్యాట్ లేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని, ఎవరో ఎక్కడో చేసిన పనికి ఔటైపోయి కూర్చున్నాడు.

మేస్త్రి పిల్లికళ్ళోడి దగ్గరికి వెళ్ళాడు. చెంప పగలగొడతాడనుకున్నారు. "ఒక్క బంతి ఆగలేకపోయావా?" అన్నాడంతే.

"మా అన్న వంతు వచ్చినప్పుడు నీలాగా వరస మార్చేవాడు లేకపోయాడు" అన్నాడు పిల్లికళ్ళోడు. "మా అన్నకీ పెళ్ళాం ఉంది."

పేదోడి కోపం పెదవికి చేటంటారు, ఇక్కడ అది ఇంకో పేదోడికి చేటు. రెండు సెక్షన్ల మధ్య ఆట పెట్టినవాడికి ఆ సంగతి బాగా తెలుసు.

ఆ సాయంత్రం అక్క తమ్ముడి ముఖం చూడలేదు. అన్నం వడ్డించింది, మంచినీళ్ళు పెట్టింది. బావే మధ్యమధ్యలో జోకులేశాడు. "బ్యాట్ పట్టకుండా ఔటైన మొనగాణ్ణి నేనొక్కణ్ణే. రికార్డు." ఎవరూ నవ్వకపోయేసరికి పళ్ళెంలోకి చూస్తూ, "వాణ్ణి ఏమీ అనకే, నా కోసమే చేశాడు" అన్నాడు. అక్క లేచి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు తొట్టి మూత తీశారు. ఇనప మూత, ఇద్దరు పట్టి లాగితేగాని జరగదు. లోపల చీకటి. నిచ్చెన మెట్లు కొన్ని కనిపిస్తాయి, తర్వాత కనిపించవు. కంపు గుప్పున కొట్టింది. రెండు సెక్షన్లూ చుట్టూ చేరాయి. గెలిచినవాళ్ళు చూడ్డానికి రావడం కూడా ఆచారమే. సేఫ్టీ సారు కొంచెం దూరంగా, గాలివాలుకి ఇవతల నిలబడ్డాడు. నడుముకి పసుప్పచ్చ పెట్టె.

బావ తడిగుడ్డ ముఖానికి కట్టుకున్నాడు. నడుముకి తాడు. గడ్డపార అందుకున్నాడు. వెనక్కి తిరిగి, మెట్టు కోసం కాలు చాపాడు. కాలు గాలిలో వెతుక్కుంటోంది.

మేస్త్రి ఆ కాలినే చూస్తున్నాడు. ఇంకా ఆనలేదు. బంతి ఇంకా చేతిలోనే ఉంది అనిపించింది అతనికి. నిన్న ఎర్రచెయ్యి ఎత్తినవాడు కాసేపు ఆలస్యం చేసి ఉంటే మాట చెల్లేది కాదు. అడగాల్సింది ఇప్పుడు. తర్వాత అడిగితే ఏడుపే.

"ఆగు బావా" అన్నాడు. తర్వాత సారువైపు తిరిగాడు. "సార్, ఆ పెట్టె లోపలికి దించండి."

సారు కళ్ళు ఎత్తాడు. "ఎందుకు?"

"అడుగుతున్నాను. అడిగితే చెప్తారు కదా. లోపల గాలి మనిషి దిగొచ్చా దిగకూడదా? అది చెప్పండి."

సారు ఒకసారి ఆఫీసు కిటికీవైపు చూశాడు. మేనేజరు కిటికీ తెర కదిలినట్టుంది. సారు పెట్టె విప్పాడు. దానికి తాడు కట్టాడు. ఆ ముడి వేసే తీరు చూస్తే చాలాసార్లు నేర్చుకుని, ఒక్కసారీ వాడనివాడి చేతులని తెలిసిపోతుంది. పెట్టెని నెమ్మదిగా చీకట్లోకి వదిలాడు.

పెచ్చు ఇంకా పగలనే లేదు. అయినా అది సగం దారిలోనే కూత మొదలుపెట్టింది. సన్నగా, ఆగకుండా, నొప్పి పెట్టిన పసిపిల్లలాగా. తొట్టి గోడలకి తగిలి ఆ కూత రెండింతలై పైకొచ్చింది. గోడవార నిలబడ్డ అక్క చెవులు మూసుకుంది. బావ కాలు వెనక్కి తీసుకున్నాడు.

"దిగకూడదు" అన్నాడు సారు.

పిల్లికళ్ళోడు జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు. "కిందటేడు ఈ పెట్టె మీ దగ్గరుందా?"

"ఉంది."

"పనిచేసేదా?"

"చేసేది."

"మరి దించలేదేం?"

సారు ముఖంలో దాచుకుంటున్నదేమీ కనపడలేదు. అదే భయం వేసింది మేస్త్రికి. "ఎవరూ అడగలేదు" అన్నాడు సారు.

పిల్లికళ్ళోడు ఆయన్ని కొట్టలేదు. కొట్టడానికి చేతులు లేచి, మధ్యలో ఆగిపోయి, అట్లాగే ఉండిపోయాయి. రంగు చేతులు. మేస్త్రి వెళ్ళి వాటిని పట్టుకుని కిందికి దించాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

అప్పుడే గేటు తెరుచుకుంది. వ్యాను ఒకటి లోపలికొచ్చింది. మనుషులు దిగారు, బయటివాళ్ళు, రోజుకూలీకి తెచ్చినవాళ్ళు. చెప్పుల్లేవు కొందరికి. మెడల్లో తువాళ్ళు. వాళ్ళకి ఆట తెలీదు, తొట్టి తెలీదు, ముక్కు చచ్చేదాకా కంపుని నమ్మొచ్చన్న ముక్క కూడా తెలీదు. మేనేజరు ఆఫీసు మెట్ల మీద నిలబడి వేలితో ఇటు చూపిస్తున్నాడు. ఆ వ్యాను ఇప్పుడు పిలిస్తే వచ్చింది కాదు, పొద్దున్నుంచీ గేటు బయట సిద్ధంగా ఉన్నదే.

సారు పెట్టె పైకి లాగాడు. మీట నొక్కాడు. కూత ఆగింది. దాన్ని మళ్ళీ నడుముకి తగిలించుకున్నాడు.

"వాళ్ళకి చెప్తారా సార్?" అన్నాడు మేస్త్రి.

"వాళ్ళు అడిగితే."

మేస్త్రి తొట్టి మూతివార కూర్చున్నాడు, నిచ్చెన మీదికి రెండు కాళ్ళూ అడ్డం చాపి. బావ వచ్చి పక్కన చతికిలబడ్డాడు. పిల్లికళ్ళోడు రెండోవైపు కూర్చున్నాడు. అక్క గోడ దగ్గర్నుంచి కదిలింది, అటు వస్తున్న కొత్తవాళ్ళకి ఎదురు నడిచింది.

ఆమె చేతులు అడ్డం పెట్టినా వాళ్ళు దాటుకుని వస్తున్నారు. ముందున్నవాడు అప్పుడే తువాలు ముఖానికి చుట్టుకుంటున్నాడు.

మేస్త్రి వాళ్ళని కేకేయడానికి గట్టిగా ఊపిరి పీల్చాడు. గాలి చల్లగా, శుభ్రంగా లోపలికి పోయింది. కోడిగుడ్డు కంపు లేదు. ఏ కంపూ లేదు.

"బావా" అన్నాడు నెమ్మదిగా. "నీకు వాసన వస్తోందా?"

బావ ముక్కు ఎగబీల్చాడు. తల అడ్డంగా ఊపాడు.

మేస్త్రి ఒకచేత్తో బావ నడుముకున్న తాడు, ఇంకోచేత్తో పిల్లికళ్ళోడి చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. ముగ్గురూ మట్టిలో దొర్లారు. పొడుగోడు పరిగెత్తుకొచ్చి ఇనప మూత అంచు పట్టాడు. మూత ఒక జానెడు కదిలి ఆగింది. ఇంకొకడు కావాలి దానికి. రెండు సెక్షన్లూ చుట్టూ నిలబడే ఉన్నాయి, ఎవరి వంతో తేలనట్టు.

కొత్తవాడు తొట్టి దగ్గరికి వచ్చేశాడు. "మెట్లు ఇటేనా?" అని అడిగాడు.